పువ్వు మీద పురుగు జాడ



పచ్చిక బీటిలో పూచిన ఒక్క పువ్వు దగ్గర పావుగంటసేపు కూర్చుని చూడండి. తేనెటీగ వచ్చిపోతుంది. అక్షింతల పురుగు పాకుతుంది. పేరు తెలియని చిన్న ఈగ ఒకటి వాలి లేస్తుంది. మీరు ఇంటికి వచ్చాక, రాత్రివేళ ఏయే పురుగులు వస్తవో ఎవరికెరుక?

ఈ లెక్క మనకెందుకు అంటారా? పురుగులన్నీ పైరుకు శత్రువులు కావు. కొన్ని పుప్పొడి మోస్తవి, కొన్ని పేనుబంకను తింటవి, కొన్ని పైరు తినే పురుగుల గుడ్లలో తమ గుడ్లు పెట్టి వాటిని చంపుతవి. వీటిలో ఏది తరిగిపోతున్నదో ముందుగా తెలియాలి. జర్మనీలో 63 రక్షిత ప్రాంతాలలో వలలు కట్టి, పడిన రెక్కల పురుగులను తూచారు. 1989 మొదలు 27 ఏండ్లలో ఆ తూకం నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గిందని 2017లో వెల్లడించారు. ఐతే ఏయే జాతులు తగ్గినవో త్రాసు చెప్పదు. వేల పురుగులను ఒక్కొక్కటిగా పోల్చి పేరు చెప్పగల నిపుణులు అరుదు.

ఇక్కడే జన్యు పరీక్ష అక్కరకు వస్తుంది. జీవుల కణాలలో డి.ఎన్.ఏ. అనే పదార్థం వున్నది. వేలిముద్ర మనిషిని పట్టిస్తుంది కదా, అలాగే ఇందులోని ఒక చిన్న భాగం జాతిని పట్టిస్తుంది. ఈ భాగంతో జంతుజాతులను గుర్తించవచ్చునని కెనడాలో పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించింది.

పురుగు పువ్వు మీద వాలి వెళ్లినా, దాని డి.ఎన్.ఏ. కొంచెం అక్కడ మిగులుతుంది. డెన్మార్కు శాస్త్రజ్ఞులు పచ్చిక బీళ్లలోని పూలను కోసి ఆ జాడను బయటకు తీశారు. కరోనా రోజులలో మనం విన్న పి.సి.ఆర్. పద్ధతితోనే దానిని పెంచి, చదివి, తెలిసిన జాతుల పట్టికతో పోల్చారు. పురుగులు, సాలీళ్ల వంటివి కలిపి కనీసం 135 జాతులు తేలినవి. ఈ ఫలితం 2019లో అచ్చయింది.

ఐతే దీనికీ హద్దులున్నవి. ఇది పేరు చెబుతుంది గాని తలల లెక్క సరిగా చెప్పదు. పట్టికలో లేని జాతిని గుర్తించలేదు. ఎండకు, వానకు జాడ చెరిగిపోతుంది. కనుక వలను, కంటిని మానరాదు.

విస్తరణ కార్యకర్తలు నమూనా తీసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి. ఏ పువ్వుకు ఆ గొట్టం వేరుగా వుంచి, వెంటనే చల్లదనంలో పెట్టాలి. చోటు, తేదీ, మొక్క పేరు వ్రాయాలి. ఏటేటా అదే చోట, అదే కాలంలో తీయాలి. గడ్డి ఎప్పుడు కోశారో, పశువులను ఎప్పుడు తోలారో, మందు ఎప్పుడు చల్లారో చెప్పవలసింది రైతులు. ఆ మాట లేకపోతే పరీక్ష ఫలితానికి కారణం దొరకదు.

గాదెలో ఎంత పోశామో తెలియకపోతే, ఎలుకలు ఎంత తిన్నవో తెలియదు. బీటిలోని పురుగుల లెక్కా అంతే. మొదటి ఏటి పట్టిక ఈనాడు వుంటేనే, రేపు పోయినదేదో తెలుస్తుంది.