వెన్నబాట: ఐర్లండు పల్లెలలో నొక భోజనయాత్ర

భోజనప్రియుడగు బాటసారి ఐర్లండు దేశమున మొదట పట్టవలసిన త్రోవ వెన్నబాట. నైరృతి దిశనున్న కెర్రీ జిల్లానుండి కార్కు పట్టణమునకు బోవు నీ మార్గమును 1748లో జాన్ మర్ఫీ యనునతడు వేయించెను. కెర్రీ రైతులు ఉప్పువెన్నను కొయ్యపీపాలలో నింపి, గుఱ్ఱములపై నీ దారినే కార్కు అంగడికి గొనిపోవుచుండిరి.

ఈ పల్లెల ముఖ్యాహారములలో సోడారొట్టె యొకటి. గోధుమపిండి, ఉప్పు, సోడా, పుల్లని మజ్జిగ కలిపి కాల్తురు. ఉడికించి మెదిపిన ఉర్లగడ్డలలో కోసుకూర కలిపి, నడుమ గుంటచేసి వెన్న కరగవేయుట మఱియొక వంటకము. కాని ఆ ఉర్లగడ్డకే 1845లో తెగులు సోకగా, తరువాతి కొలది యేండ్లలో సుమారు 10 లక్షల మంది మరణించిరి. ఆ కఱవునాళ్ళలోను కార్కునుండి వెన్న యెగుమతి యగుచునే యుండెను. పండించినవాని యాకలి యొకవైపు, సరకు ప్రయాణ మొకవైపు!

కార్కు వెన్నయంగడి 1770లో నేర్పడెను. అచ్చట పరీక్షకులు ప్రతి పీపాను పరిశీలించి తరగతి ముద్ర వేయుచుండిరి. అయినను ఇంటింట చిలికిన వెన్న యొక్కరీతిగ నుండదు గదా! 1882 మొదలు డెన్మార్కు రైతులు సహకార పాలకేంద్రములు స్థాపించి, యంత్రముతో మీగడ తీసి, యేకరీతి వెన్నను ఇంగ్లండునకు బంపిరి. కొనువారు అటు మరలిరి.

అప్పుడు ఐర్లండు రైతు మేల్కొనెను. లిమరిక్ జిల్లాలోని డ్రంకాలహర్ గ్రామమున 1889లో ఆ దేశపు మొదటి సహకార పాలకేంద్రము వెలసెను. హోరేస్ ప్లంకెట్ గారి పూనికతో 1894లో దేశమంతటికి వ్యవసాయ సహకార సంస్థ యేర్పడెను. 1920లో స్వాతంత్ర్యపోరాట సమయమున బ్రిటిషు బలగములు పెక్కు పాలకేంద్రములను దగ్ధము చేసెను. అయినను ఉద్యమము నశింపలేదు. కార్కు అంగడి మాత్రము 1924లో మూతబడెను. 1962లో ప్రభుత్వ పాడిమండలి 'కెర్రీగోల్డ్' అను నొక్క పేరుతో వెన్న నమ్మ నారంభించెను. పిమ్మట నా మండలియే సహకార సంఘముగ మారెను.

కార్కులోని వెన్న ప్రదర్శనశాలను, డ్రంకాలహర్‌లోని పాత పాలకేంద్రమును నేడు బాటసారులు దర్శింపవచ్చును.

సభ్యులారా! కడివెడు పాలకు ఒక్క విషపుబొట్టు చాలును. సంఘమునకు మనము పోయు పాలు కల్తీలేనివై యున్ననే సంఘపు పేరు నిలుచును. పేరు నిలిచిననే ధర నిలుచును. వెన్నబాట నేర్పు పాఠ మిదియే.