యూరైల్ పాస్ ఉన్నా సీటు ఫీజు వేరే.. ఇటలీ వెళ్లే వాళ్లు ఇది తెలుసుకోండి

ఇటలీ టూర్ ప్లాన్ చేసుకునే మన వాళ్లలో చాలా మంది యూరైల్ పాస్ కొంటే చాలు, ఏ ట్రైన్ అయినా ఎక్కేయొచ్చు అనుకుంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. పాస్ ప్రయాణానికి మాత్రమే, సీటుకు కాదు.

ఫ్రెచ్చారోస్సా లాంటి హైస్పీడ్ ట్రైన్లు, ఇంటర్‌సిటీ ట్రైన్లలో రిజర్వేషన్ తప్పనిసరి. హైస్పీడ్‌లో ఒక్కో సీటుకు 10 నుంచి 13 యూరోల వరకు, ఇంటర్‌సిటీలో 3 యూరోల వరకు ఫీజు ఉంటుంది. రిజర్వేషన్ లేకుండా ఎక్కితే చేతిలో పాస్ ఉన్నా జరిమానా పడుతుంది.

ఉదాహరణకు భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు రోమ్ నుంచి ఫ్లోరెన్స్, అక్కడి నుంచి వెనిస్ హైస్పీడ్‌లో వెళ్తున్నారనుకుందాం. 12 ఏళ్ల లోపు పిల్లలకు పెద్దలతో కలిసి పాస్ ఉచితమే. కానీ సీటు ఫీజు వాళ్లకూ కట్టాలి. సీటుకు 13 యూరోల చొప్పున 8 సీట్లకు 104 యూరోలు. ఇది పాస్ ధరకు అదనం.

రెజియోనాలే అనే లోకల్ ట్రైన్లకు రిజర్వేషన్ అక్కర్లేదు. ఫ్లోరెన్స్ నుంచి పీసా గంట ప్రయాణమే. టికెట్ కూడా చవక. ఇలాంటి చిన్న దూరాలకు పాస్‌లో ఒక రోజు ఖర్చు చేయడం కంటే విడిగా టికెట్ కొనడమే లాభం.

సీట్లను యూరైల్ వెబ్‌సైట్‌లో గానీ, ఇటలీ స్టేషన్లలోని ట్రెనిటాలియా కౌంటర్లలో గానీ బుక్ చేసుకోవచ్చు. మొబైల్ పాస్ ఉన్నవాళ్లు ఎక్కే ముందే ఆ ట్రైన్‌ను యాప్‌లో పాస్‌కు జత చేయాలి. పాస్ కొనే ముందే వెళ్లే రూట్లు రాసుకుని, సీటు ఫీజులు కలిపి, మామూలు టికెట్ల ధరతో పోల్చి చూసుకోవడం మంచిది.