మధ్యాహ్నం రెండింటికే ఎందుకు ఆగిపోతుంది?

రెంటచింతల పేరు మనలో చాలామంది వేసవి వార్తల్లోనే విని ఉంటారు. రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడ కాసిందో చెప్పేటప్పుడు తరచూ వినిపించే ఊరు అది. మాది దానికి దగ్గర్లోనే, గురజాల. ఒకవైపు ఆ ఎండ, ఇంకోవైపు పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మధ్యలో రోడ్డు దుమ్ము. ఇలాంటి చోట ఇంట్లో డెస్క్‌టాప్ మాటిమాటికీ ఆగిపోతుంటే, చల్లని ఏసీ గదిలో కూర్చుని తీసిన వీడియోల్లోని సలహాలు సగమే పనికొస్తాయి. మిగతా సగం మా ఇంటి సిస్టం మీద తేల్చుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు, దాన్ని బాగుచేయడం ఎందుకంత అవసరమైందో చెప్పాలి. అమ్మ తన డ్వాక్రా సంఘానికి లెక్కలు రాస్తుంది. ఎవరు పొదుపు కట్టారు, ఎవరి అప్పు ఎంత తీరింది, వడ్డీ ఎంత, అంతా ఒక ఎక్సెల్ ఫైల్లో ఉంటుంది. ఎంట్రీలు కొడుతుండగా సిస్టం ఆగిపోతే ఆ పూట కట్టినవాళ్ల పేర్లు ఎగిరిపోయేవి. డబ్బు కట్టిన మనిషిని "నువ్వు కట్టావా లేదా" అని అడగాల్సి రావడం కంటే అవమానం ఇంకోటి లేదు, అడిగేవాళ్లకీ, చెప్పేవాళ్లకీ. రిపేరు షాపులో రెండుసార్లు ఫార్మాట్ కొట్టారు. మూడోసారి "మదర్‌బోర్డు పోయిందమ్మా, కొత్త సిస్టం తీసుకోండి" అన్నారు. నేను వేసవి సెలవులకి ఇంటికెళ్లేసరికి కొత్త సిస్టంకి డబ్బు ఎక్కడ తేవాలా అని నాన్న ఆలోచనలో ఉన్నాడు.

మొదటి పని రిపేరు కాదు. ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకీ, ఫోన్లోకీ కాపీ చేయడం. ఆగిపోతున్న మిషన్ ఏ పూట పూర్తిగా కన్ను మూస్తుందో తెలీదు.

రెండో పని స్క్రూడ్రైవర్ తీయడం అనుకుంటారు. అదీ కాదు, ఒక నోట్‌బుక్ తీయడం. ఎన్ని గంటలకి ఆగింది, అప్పుడు ఇంట్లో ఏం నడుస్తోంది, ఎలా ఆగింది. ఈ మూడే రాయాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే కంప్యూటర్ చావులన్నీ ఒకటి కావు. నీలం స్క్రీన్ వచ్చి ఏదో కోడ్ చూపించి పోయిందంటే, విండోస్ తప్పు గమనించి తనంతట తనే ఆగింది. ర్యామ్, డ్రైవర్, హార్డ్‌డిస్క్ వైపు చూడాలి. స్క్రీన్ బొమ్మలా బిగుసుకుపోతే కూడా దాదాపు అదే దారి. అలా కాకుండా తీగ పీకేసినట్టు టక్కున ఆరిపోతే, విండోస్‌కి తెలిసే లోపే కరెంటు తెగింది. అప్పుడు వేడి, లేదా పవర్ సప్లై. ఇలాంటి చావుకి ఫార్మాట్ కొట్టడమంటే కాలు విరిగినవాడికి క్షవరం చేయించడమే.

నీలం స్క్రీన్ రెప్పపాటులో మాయమవుతుంటే, సిస్టం ప్రాపర్టీస్‌లోని స్టార్టప్ అండ్ రికవరీలో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్ తీసేయండి. కోడ్ చదువుకునేదాకా అలాగే ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' అని ఎర్రగా కనిపిస్తే కంగారు పడొద్దు. సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాకుండా పోయిందని తప్ప ఆ ఎంట్రీకి అర్థం లేదు. పంచనామాలో "మనిషి చనిపోయాడు" అని మాత్రం రాసినట్టు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ దగ్గర సున్నా ఉంటే, విండోస్ ఏ తప్పూ నమోదు చేయలేకపోయిందన్నమాట. మాకు అన్నీ సున్నాలే.

సాఫ్ట్‌వేర్ వల్ల అసలు ఆగదని అనడం లేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌కి ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ మిషన్లు నీలం స్క్రీన్ వేశాయి, మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కానీ అక్కడ కూడా ఉన్నది నీలం స్క్రీనే.

పది రోజుల్లో మా నోట్‌బుక్‌లో తొమ్మిది ఎంట్రీలు పడ్డాయి. ఆరు మధ్యాహ్నం ఒంటిగంటకీ నాలుగింటికీ మధ్య. మూడు పొద్దున్నే లేదా సాయంత్రం, చల్లటి వేళ. మధ్యాహ్నం ఆగినప్పుడు వెంటనే ఆన్ చేస్తే రెండు నిమిషాల్లో మళ్లీ పోయేది, అరగంట ఆగి వేస్తే నడిచేది. పొద్దున ఆగినవి వెంటనే వేసినా బాగానే నడిచేవి. అంటే రోగం ఒకటి కాదు, రెండు. షాపువాళ్లు ఒక్కటే అనుకుని వెతికారు కాబట్టి దొరకలేదు.

మధ్యాహ్నపు సంగతి ముందు. ప్రాసెసర్ మీదుండే ఫ్యాన్, హీట్‌సింక్ చిప్‌ని చల్లబరచలేవు, గదిలో గాలికంటే ఇన్ని డిగ్రీల పైన మాత్రమే నిలపగలవు. ఆ తేడా పని భారాన్ని బట్టి ఉంటుంది. ఒక పనికి తేడా 50 డిగ్రీలు అనుకోండి. గది 28 ఉంటే చిప్ 78 దగ్గర హాయిగా ఉంటుంది. మా రేకుల గదిలో మే నెల మధ్యాహ్నం 43. అదే పనికి చిప్ 93. చాలా ప్రాసెసర్లు 100 చుట్టుపక్కల వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి పెరుగుతుంటే కాలిపోకుండా కరెంటు కోసేస్తాయి. ఇక హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము చాపలా పరుచుకుంటే ఆ తేడా 50 దగ్గర ఆగుతుందా?

హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూస్తే, ఏ పనీ లేకుండానే చిప్ 84 చూపించింది. మూత తీశాను. తెల్లటి మెత్తని పొడి, దానికి పట్టుకుని నూలు పోగులు. హీట్‌సింక్‌ని బోర్డుకి పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి ఊడి, ఓ మూల లేచి ఉంది. పాత థర్మల్ పేస్టు ఎండి పెంకులు కట్టింది. కొత్త పెయింట్ బ్రష్‌తో దులిపి (ఫ్యాన్ తిరగకుండా వేలు అడ్డం పెట్టి), పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి, పిన్నులు నాలుగూ టక్కుమనేదాకా నొక్కాను. మర్నాడు అదే వేళకి 61. పంక్చర్ షాపులో గాలి కొట్టించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వద్దు, ఆ గాలితో పాటు నీటి తుంపరా నూనే వస్తాయి.

మధ్యాహ్నపు చావులు ఆగాయి. పొద్దుటివి ఆగలేదు.

నోట్‌బుక్‌లో ఆ మూడింటి పక్కనా ఒకే మాట ఉంది: "మోటారు వేశారు". బోరు మోటారు మొదలయ్యేటప్పుడు నడిచేటప్పటికంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. సన్నటి సర్వీసు వైరు మీద ఆ క్షణంలో వోల్టేజి కుంగుతుంది, ట్యూబులైటు కూడా కన్ను కొడుతుంది. మన ఏసీ కరెంటు ఒక చక్రం తిరగడానికి పట్టేది 20 మిల్లీసెకన్లు. మంచి పవర్ సప్లై తన కెపాసిటర్లలో దాచుకున్న దానితో, పూర్తి భారం మీద కూడా దాదాపు 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. వయసైన కొద్దీ ఆ ఓపిక తగ్గుతుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సుమారు సగం అవుతుందని ఈసీఈ వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎనిమిది వేసవులు ఆ రేకుల కింద గడిపిన పవర్ సప్లై పరిస్థితి ఊహించుకోండి. ఎండ ప్రాసెసర్‌ని నేరుగా కొడితే, దీన్ని నిదానంగా కొట్టింది.

అనుమానం తీర్చుకోవడానికి నరసరావుపేటలో ఉన్న ఫ్రెండ్ దగ్గర పవర్ సప్లై అరువు తెచ్చి బిగించి, మోటారు పదిసార్లు వేయించాను. నాన్న విసుక్కున్నాడు గానీ సిస్టం కదల్లేదు. పాతది పెడితే రెండోసారికే పోయింది. కొత్త పవర్ సప్లైతో సరిపోయింది, మదర్‌బోర్డు అదే. పాతదాన్ని విప్పి చూడాలని ఎవరికైనా సరదా పుడితే ఆపుకోండి. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్లో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు.

మీ నోట్‌బుక్‌లో నీలం స్క్రీన్లే ఎక్కువుంటే దారి వేరు. ర్యామ్ తీసి, బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఒక్కో స్టిక్ విడిగా పెట్టి నడపండి. మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా ఆ స్టిక్‌ని నమ్మొద్దు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లవాళ్లు దాని వెనక యూపీఎస్ మోడ్ అనే చిన్న స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో ఫ్యానుకి తెలియనంత ఆలస్యం కంప్యూటర్‌కి చాలా ఎక్కువ. మా ఇంట్లో అది మామూలు మోడ్‌లోనే ఉండింది, మార్చాను. కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం మాత్రం ఇంకా ఉంది. మూడో పిన్నుకి ఎర్త్ అందడం లేదు. పెరట్లో గుంత తవ్వించి ఉప్పు, బొగ్గు వేయించాలి. అప్పటిదాకా అమ్మ చెప్పులేసుకుని లెక్కలు రాస్తోంది.