ద్రవములను గొలుచు విధము

మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో పూర్వులు పాలను సోలతో, తవ్వతో గొలిచెడివారు. నాలుగు గిద్దెలొక సోల, రెండు సోలలొక తవ్వ. లీటరు 1956వ సంవత్సరపు చట్టముతో వచ్చినది.

ప్రయోగశాలలో గాజు కొలపాత్రయందు నీరు అంచుల నంటి పైకెక్కి, నడుమ గుంటపడును. కన్నును సమమట్టమున నుంచి ఆ గుంట యడుగును జదువవలెను. పైనుండి చూచినచో కొలత హెచ్చుగా దోచును. పాదరసమునకు మాత్రము ఉబ్బిన శిఖరమే గురుతు.

మన వేసవి వేరొక చిక్కు. పాత్రపై 20 డిగ్రీల సెంటీగ్రేడని వ్రాసియుండును. ఆ వేడిమియందు లీటరైన నీరు 40 డిగ్రీలకు సుమారు 6 మిల్లీలీటర్లు పెరుగును. పాలు కొనువారి కిది లెక్కలోనిది కాదు గాని, బావినీటి కఠినత్వమును బ్యూరెట్టుతో బరీక్షించువారు ఉపేక్షింపరాదని మా తలంపు. అందు రంగు మారుట కొక బొట్టు చాలును. బొట్టన సుమారు 0.05 మిల్లీలీటరు. పిపెట్టు కొనను నిలిచిన బొట్టు నూదరాదు; దానిని విడిచియే ఆ పాత్ర కొలత నిర్ణయింపబడినది.