కార్డు కొనేముందు కలిసి లెక్క చూడండి

కంప్యూటర్ ఆటల కోసం ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కావాలని మీ అబ్బాయి పట్టుబడుతున్నాడా? కోపపడకండి, వెంటనే ఒప్పుకోనూవద్దు. ఇద్దరూ కూర్చుని లెక్క చూడండి.

2025 జనవరిలో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090 ప్రారంభ ధర అమెరికాలోనే 1,999 డాలర్లు. అదొక్కటే 575 వాట్ల దాకా కరెంటు లాగుతుంది. కాబట్టి 1,000 వాట్ల పవర్ సప్లై ఉండాలని కంపెనీయే చెబుతోంది. అంటే పాతది మార్చే ఖర్చు కూడా కలుపుకోవాలి. కంపెనీ సొంత కార్డు పొడవు 304 మిల్లీమీటర్లు; క్యాబినెట్‌లో చోటుందేమో టేపుతో కొలవండి.

అన్నిటికన్నా ముందు మానిటర్ చూడండి. అది సెకనుకు 60 బొమ్మలే చూపగలిగితే, కార్డు 200 తయారుచేసినా తెరమీద కొత్తగా కనబడేవి 60 మాత్రమే.

ఈ లెక్కంతా చూశాక, తక్కువ ధర కార్డు చాలని మీవాడే అనవచ్చు. వద్దని గద్దించడంకంటే, కలిసి వేసిన లెక్కే ఇంట్లో సమాధానం నిలుపుతుంది.