టీవీలో తగ్గే బరువు, మన ఇంట్లో తగ్గే బరువు



"టీవీలో వాళ్ళు వారానికి ఐదారు కిలోలు తగ్గుతున్నారు. నేను నెలంతా నడిచినా కిలో కూడా దిగలేదు డాక్టరమ్మా!" ఓపీలో ఈ మాట మేము తరచుగా వింటుంటాము. అలా నిరాశపడి నడక మానేసేవారున్నారు. రెండు పూటలు అన్నం మానేసి కళ్ళు తిరిగి వచ్చేవారూ ఉన్నారు. అందుకే ఈసారి ఆ కార్యక్రమాల సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాము.

ఇటువంటి పోటీల్లో బాగా పేరున్నది అమెరికాలో 2004లో మొదలైన 'ద బిగ్గెస్ట్ లూజర్'. దాని హిందీ రూపం 2007లో సహారా వన్ ఛానెల్లో సునీల్ శెట్టి వ్యాఖ్యాతగా వచ్చింది. మన తెలుగులో అనుష్క నటించిన 'సైజ్ జీరో' (2015) సినిమా కూడా, త్వరగా సన్నబరుస్తామనే ఒక క్లినిక్ చుట్టూ అల్లిన కథే.

అమెరికా పోటీలో పాల్గొన్నవారు ఇల్లు వదిలి నెలల తరబడి ఒకచోట ఉండేవారు. రోజూ గంటల కొద్దీ వ్యాయామం, అతి తక్కువ భోజనం, పక్కనే శిక్షకులు, గెలిస్తే పెద్ద మొత్తం బహుమతి. అక్కడ నైట్ షిఫ్టు లేదు, పిల్లల టిఫిన్ డబ్బాలు లేవు, మేనల్లుడి పెళ్ళి భోజనం లేదు. మన ఇంటిని ఆ ఇంటితో పోల్చుకోవడం న్యాయం కాదు.

మరి ఆ తర్వాత ఏమైంది? 2009లో జరిగిన పోటీలోని 14 మందిని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థవారు ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. మొదట సగటున 149 కిలోలున్నవారు 30 వారాల్లో 91 కిలోలకు దిగారు. ఆరేళ్ళకు 132 కిలోలకు వచ్చారు. ఒక్కరు తప్ప అందరూ ఎంతో కొంత మళ్ళీ పెరిగినవారే.

వారు సోమరులని అనుకోవద్దు. ఇంటికి రాబడి తగ్గితే ఇల్లాలు ఖర్చు తగ్గించినట్లే, తిండి ఒక్కసారిగా తగ్గితే శరీరము కూడా తన ఖర్చు తగ్గించుకుంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చు కావలసిన దానికంటే రోజుకు సుమారు 500 కెలోరీలు తక్కువగా వారి ఒళ్ళు ఖర్చు చేస్తోంది, అదీ ఆరేళ్ళ తర్వాత కూడా. అంటే దాదాపు 150 గ్రాముల బియ్యం వండితే వచ్చే అన్నమంత తేడా! కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోను కూడా పోటీ చివరికి బాగా పడిపోయి, తర్వాత పూర్తిగా కోలుకోలేదు. తగ్గిన బరువును ఎక్కువగా నిలుపుకున్నవారిలో కనిపించిన గుణం ఒకటే. వారు ఆ తర్వాత కూడా రోజువారీ కదలిక మానలేదు.

ఇప్పుడు మన బొగ్గు ప్రాంతానికి వద్దాము. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్లకు పళ్ళెం నిండా అన్నం కావలసిందే, షిఫ్టు ముగిసేసరికి అది కరిగిపోయేది. తర్వాత ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి. తండ్రి పారతో చేసిన పని కొడుకు మీటతో చేస్తున్నాడు, పళ్ళెం మాత్రం అదే. జ్యోతినగర్ క్వార్టర్లలో ఉండి కంట్రోల్ రూములో కూర్చునేవారి సంగతి వేరే చెప్పాలా? పైగా డ్యూటీ దిగాక మిర్చి బజ్జీ, చక్కెర ఎక్కువ వేసిన చాయ.

మాకు టీవీ పోటీ కంటే చెన్నైలో జరిగిన ఒక పరిశోధన ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. షుగరు రాబోయే స్థితిలో ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. నడక, తిండిలో మార్పు పాటించినవారిలో షుగరు వచ్చే ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. విశేషమేమంటే, వారి బరువు పెద్దగా తగ్గలేదు! కాటా ముల్లు కదలలేదని నడక మానేసిన అక్కలూ అన్నలూ ఈ సంగతి దయచేసి మరొకసారి చదవండి.

కాటాతో పాటు టేపు కూడా వాడండి. ఊపిరి వదిలి నడుము కొలిస్తే మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. అన్నం ఒక గరిటె తగ్గించి ఆకుకూర, పప్పు పెంచండి. రాత్రికి జొన్నరొట్టె మంచిదే, కాని నాలుగు తింటే లాభం లేదు. ఎండాకాలంలో ఆరు గంటలలోపే నడక ముగించండి, మన రామగుండం ఎండ తెలిసిందే కదా. నైట్ షిఫ్టువారు ముందు నిద్ర చూసుకుని, సాయంత్రం నడవండి.

ఒక హెచ్చరిక. శ్రమదినాల ఉపవాసాన్ని బరువు తగ్గడానికి కూడా వాడుకుందామని కొందరు అనుకుంటారు. గ్లిమిపిరైడ్ వంటి షుగరు మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారు తిండి మానితే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే ఉపవాసమైనా సరే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. ఉపవాసం మొదలుపెట్టే ముందే ఒకసారి ఓపీకి వచ్చి, మాత్రల వేళలు మార్పించుకోండి. వచ్చేటప్పుడు పాత మందుల చీటీ మరచిపోవద్దు.