మామగారి వేషానికి కోడలి దిద్దుబాటు

నాటకంలో ఆయనది పొలం అమ్మి కూతురికి కట్నం ఇచ్చే తండ్రి వేషం. ఇంట్లో మాత్రం పెద్ద కొడుకు పెళ్లికి కట్నం పుచ్చుకున్న మామగారు. గోదావరి తీరాన ఒక పల్లెలో శ్రీరామనవమి పందిరికి సాగుతున్న రిహార్సల్సులో ఈ చిక్కే వచ్చిపడింది.

నాటకం కాళ్లకూరి నారాయణరావు గారి 'వరవిక్రయం'. పురుషోత్తమరావు కూతురి పెళ్లికి 5,500 రూపాయల కట్నం ఒప్పుకుంటాడు. తనకోసం తండ్రి భూమి అమ్ముకోవడం ఓర్వలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. 1939లో ఇది సినిమాగా వచ్చింది. భానుమతి మొదటి చిత్రం అదే. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా బేరాలు ఆగలేదు.

భూమి అమ్మే ఘట్టంలో ఆయన గొంతు చించుకునేవారు. ఇంట్లో మాటలు వల్లిస్తుంటే పుస్తకం పట్టి అందించేది కోడలు. ఆమె పెళ్లికి తండ్రి ఎకరం పల్లం అమ్మారు.

"అంత గట్టిగా కాదండీ మావయ్యగారూ. మా నాన్న ఆ మాట చెప్పినప్పుడు తల ఎత్తలేదు" అంది ఒక సాయంత్రం.

ఆయన లేచి అరుగు మీదికి వెళ్లిపోయారు. రెండు రోజులు రిహార్సలుకు రాలేదు. మూడో రోజు వచ్చి, తల వంచుకుని, మెల్లగా చెప్పారు. హార్మోనియం వాయించే ఆయన వాయించడం మరిచిపోయారు.

నవమి రాత్రి నాటకానికి రమ్మని వియ్యంకుడికి కబురు వెళ్లింది. చిన్న కొడుక్కి సంబంధాలు తెస్తున్న వారికి మాత్రం ఆయన ఇంకా ఏ మాటా చెప్పలేదు.